పారామెడిక్ నుంచి ఆర్‌ఎన్ "బ్రిడ్జి" అంటూ పుస్తకాల పెట్టె అంటగడుతున్నారు, సంతకం పెట్టకండి

టెక్సస్‌లో, చుట్టుపక్కల రాష్ట్రాల్లో అంబులెన్స్ మీద పనిచేస్తున్న మనవాళ్ళందరికీ. బ్రిడ్జి అంటే తెలియనివాళ్ళకి, పారామెడిక్‌ని రిజిస్టర్డ్ నర్సు (ఆర్‌ఎన్) చేసే కుదించిన కోర్సు. కంపెనీ పేరు రాయడం లేదు, కాంట్రాక్టులో దానికీ ఒక క్లాజు తగిలించారు. అయినా పేరెందుకు? స్టేషన్ ఫ్రిజ్ మీద అయస్కాంతం కార్డు అంటించి పోయేవాళ్ళు, "డ్యూటీ మానకుండా 14 నెలల్లో ఆర్‌ఎన్" అని ఫేస్‌బుక్‌లో రోజుకు నాలుగుసార్లు ఎదురయ్యేవాళ్ళు. అర్థమైందిగా, వాళ్ళే.

పోయింది 7,900 డాలర్లు. లోను కూడా వాళ్ళే ఇప్పించారు, ఎంత దయ! నెలకు 215 చొప్పున 48 నెలలు, అంటే 10,320. ఈ గుణకారం సంతకం పెట్టాక చేశాను, ముందు చేసే బుద్ధి లేకపోయింది. దీనికి వచ్చింది 11 పుస్తకాలున్న ఒక అట్టపెట్టె, ఒక వెబ్‌సైట్ లాగిన్, ఫోనెత్తని ఒక "అడ్వైజర్". రానిది ఒక్కటే, ఏ కాలేజీలోనూ సీటు.

ముందు ఆ ఫోన్ సంగతి చెప్తాను, నిన్నటి నుంచీ అదే చెవుల్లో గింగురుమంటోంది. మూడు సబ్జెక్టులు పూర్తయ్యాయి కదా, క్రెడిట్లు ఎక్కించమందామని వాళ్ళ బ్రోషర్‌లో బొమ్మ వేసిన కాలేజీకి ఫోన్ చేస్తే, అడ్మిషన్స్‌లో ఆవిడ పేరు అడిగింది, పుట్టినతేదీ అడిగింది, రెండుసార్లు వెతికింది. "మా రికార్డుల్లో మీరు లేరు. ఆ కంపెనీతో మాకు ఏ ఒప్పందమూ లేదు. ఈ వారంలో ఇలా ఫోన్ చేసినవాళ్ళలో మీరు మూడోవారు" అంది. చావు కబురు చల్లగా. ఆవిడ తప్పేం లేదు పాపం.

తర్వాత కంపెనీకి. 47 నిమిషాలు హోల్డు మ్యూజిక్. చివరికి లైన్లోకొచ్చినవాడు తొణక్కుండా "సార్, నాలుగో పేజీ 11వ పాయింటు పక్కన మీ ఇనీషియల్స్ ఉన్నాయి, చూసుకోండి" అన్నాడు. ఫోన్ చెవిన పెట్టుకునే తీసి చూశాను. ఉన్నాయి. "మేము విద్యాసంస్థ కాము. మా పుస్తకాలు కొనడం వల్ల ఏ కళాశాలలోనూ ప్రవేశం లభించదు." ఆరో సైజు అక్షరాలు, పక్కన నా పొడి సంతకం. డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని "ఇక్కడొకటి, ఇక్కడొకటి, ఇవన్నీ ఫార్మాలిటీ" అంటూ ట్యాబ్ మీద సేల్స్‌వాడు వేలు పెట్టి చూపిస్తుంటే గీకుతూ పోయినవే. మరి అడ్మిషన్ ఖాయమని ఎలా చెప్పారయ్యా అంటే, వాడన్నమాట ఇది: "నర్సు కావాలనుకుంటున్నారు కదా సార్, ఆర్డరు చదవకుండానే పేషెంటుకు మందు ఇస్తారా?" అని నవ్వాడు. ఫోన్ పెట్టిన రెండు నిమిషాలకు మెసేజ్, ఈ కాల్‌కి ఐదులో ఎన్ని స్టార్లు ఇస్తారని.

కడుపు మండేదెక్కడంటే, ఆ ముక్క నిజం. ఎపినెఫ్రిన్ మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రామా, 0.1 మిల్లీగ్రామా అని కదిలే బండిలో మూడుసార్లు చూసే కళ్ళు ఇవి. పదివేల డాలర్ల కాగితాన్ని ఒక్కసారి చూడలేదు. బుద్ధి గడ్డి తింది.

ఇక ఆ పెట్టె. అన్నిటికన్నా లావుపాటి పుస్తకం మీద "కొత్త ఎడిషన్" అని వెండిరంగు స్టిక్కర్ ఉంది. గోటితో గీకితే కింద 2014. లోపల ఎన్‌క్లెక్స్ (నర్సు లైసెన్సు పరీక్ష) చాప్టర్ మొదటి పేజీలోనే "75 నుంచి 265 ప్రశ్నలు, ఆరు గంటలు" అని అచ్చు. ఆ పద్ధతి పోయి ఏళ్ళయింది. 2023 ఏప్రిల్ నుంచి నడుస్తున్న పరీక్షలో 85 నుంచి 150 ప్రశ్నలు, ఐదు గంటలు. కనీసం మూడు కేస్ స్టడీలు వస్తాయి, ఒక్కోదానికి ఆరు ప్రశ్నలు. ఈ పరీక్షలో వచ్చే బో-టై అనే కొత్తరకం ప్రశ్న ఏమిటో ఈ 11 పుస్తకాల్లో ఎక్కడా లేదు. దీన్ని చదివి వెళ్ళడమంటే పాత సిలబస్‌తో ఎంసెట్ రాయడమే.

దాంతోపాటు గోడకు అంటించుకోమని ఒక రంగుల చార్టు. ఏ సబ్జెక్టు ఏ పరీక్ష రాసి దాటేయాలో అందులో ఉంటుంది. అనాటమీ ఎదురుగా "క్లెప్", మైక్రోబయాలజీ ఎదురుగా "క్లెప్". క్లెప్ అంటే క్లాసుకు వెళ్ళకుండా రాసి కాలేజీ క్రెడిట్ తెచ్చుకునే పరీక్షలు. వాటిలో బయాలజీ ఉంది, కెమిస్ట్రీ ఉంది, సైకాలజీ ఉంది. అనాటమీ-ఫిజియాలజీ పేపరు లేనేలేదు, మైక్రోబయాలజీ కూడా లేదు. సైకాలజీ, ఇంగ్లీషు కంపోజిషన్ క్లెప్‌తో దాటేయనిచ్చే కాలేజీలు ఉన్నాయి, అది నిజం. నిజం పక్కన అబద్ధాన్ని కూర్చోబెడితే దాని మీద ఎవరికీ అనుమానం రాదు, చార్టు గుట్టంతా అదే. అనాటమీ రెండు భాగాలు, మైక్రో ల్యాబుతో సహా కాలేజీలో చేయాల్సిందే. చాలా చోట్ల సైన్సు క్రెడిట్లు ఐదేళ్ళు దాటితే చెల్లవు కూడా, కాబట్టి ఎప్పుడో చేసిన అనాటమీని నమ్ముకుని కూర్చోకండి.

అసలు బ్రిడ్జి ఎలా ఉంటుందో తెలిస్తే ఎవడూ ఇలా టోపీ పెట్టలేడు. అది కాలేజీ నడిపేది, ఎక్కువగా కమ్యూనిటీ కాలేజీలు. చెల్లుబాటులో ఉన్న పారామెడిక్ లైసెన్సు అడుగుతారు, కొన్నిచోట్ల ఏడాది అనుభవం కూడా. టీస్ గానీ హెసీ గానీ ఎంట్రన్స్ ఉంటుంది. టీస్ అయితే 170 ప్రశ్నలు, 209 నిమిషాలు. చేరాక ఒక ట్రాన్సిషన్ కోర్సు ఉంటుంది. మన లైసెన్సుకి క్రెడిట్ ఇచ్చి మొదటి సెమిస్టర్ ఫండమెంటల్స్ లాంటివి దాటిస్తారు, అంతవరకే. ప్రసూతి, పిల్లల వార్డు, మానసిక వైద్యం, రోజుల తరబడి ఒకే పేషెంటును చూసుకునే మెడ్-సర్జ్ (మెడికల్-సర్జికల్ వార్డు), ఇవన్నీ ఆసుపత్రిలో నిలబడి చేయాల్సినవే. బండిలో ఇరవై నిమిషాలు చూసి ఈఆర్‌లో అప్పజెప్పే మనకు అలవాటు లేనివే అవన్నీ. ఎన్‌క్లెక్స్‌లో పారామెడిక్‌లు తడబడేదీ అక్కడే. ట్యూబు వేయడం అడగరు. నలుగురు పేషెంట్లలో ముందు ఎవరి గదికి వెళ్తావు, ఏ పని ఎల్‌పీఎన్‌కి (ఆర్‌ఎన్ కన్నా కింది స్థాయి నర్సు) అప్పగిస్తావు, ఏది అప్పగించకూడదు, ఇవి అడుగుతారు.

"డ్యూటీ మానకుండా" అన్నమాట సంగతి కూడా తేల్చేద్దాం. 24 గంటలు పని, 48 గంటలు సెలవు చేసేవాళ్ళకు వారంలో ఏ రోజైనా మూడు వారాలకోసారి డ్యూటీ మీద పడుతుంది. క్లినికల్, అంటే ఆసుపత్రిలో చేసే ప్రాక్టీసు, మంగళవారం ఉదయం 6:45కి అనుకోండి. మంగళవారం డ్యూటీ పడిన వారం పోతుంది. సోమవారం డ్యూటీ పడిన వారం మంగళవారం ఉదయం ఏడింటికి గానీ దిగరు, అదీ పోతుంది. మూడింట రెండు వారాలు గొడవే. 15 వారాల సెమిస్టర్‌లో పది మంగళవారాలకు షిఫ్టు మార్చుకోవాలి, లేదా లీవు పెట్టాలి. చాలా చోట్ల క్లినికల్ ఒకటి రెండు తప్పితే కోర్సే ఫెయిల్. ఉద్యోగం చేస్తూ ఇది చేయొచ్చు, చేస్తున్నవాళ్ళున్నారు. కాకపోతే కెప్టెన్‌తో ముందే మాట్లాడి, షిఫ్టు మార్చుకునే ఇద్దరిని పట్టుకుని, పార్ట్‌టైముకో తెల్లవారుజాము ట్రాన్స్‌ఫర్ బండికో మారి చేస్తున్నారు. పెట్టె కొనుక్కుని కాదు.

కాలేజీ నిజమైనదైనా మీ రాష్ట్రంలో చెల్లుతుందా అనేది ఇంకో ప్రశ్న. న్యూయార్క్‌లోని ఎక్సెల్సియర్ అనే దూరవిద్య కాలేజీ సంగతి పాతవాళ్ళకు తెలుసు. గుర్తింపు ఉన్న సంస్థే, ఎంతోమంది పారామెడిక్‌లు అందులో చదివి ఆర్‌ఎన్‌లు అయ్యారు. అయినా 2003 డిసెంబర్ తర్వాత చేరినవాళ్ళను కాలిఫోర్నియా నర్సింగ్ బోర్డు ఒప్పుకోలేదు, పాఠమూ క్లినికలూ కలిసి జరగాలన్నది అక్కడి నియమం. నిజమైన దానికే ఇలా ఉంటే అట్టపెట్టె గతేమిటి?

మరో బోల్తా చూడండి. బ్రోషర్ అడుగున "సీసీఎన్ఈ గుర్తింపు ఉన్న అసోసియేట్ డిగ్రీ" అని ఉంది. సీసీఎన్ఈ అనేది నర్సింగ్ కోర్సులకు గుర్తింపిచ్చే సంస్థ, అది ఇచ్చేది బ్యాచిలర్స్, ఆపై చదువులకే. రెండేళ్ళ అసోసియేట్‌కి గుర్తింపిచ్చేవి ఏసీఈఎన్, సీఎన్ఈఏ అనే వేరే సంస్థలు. ఆ ఒక్క లైను మీదే అడ్డంగా దొరికిపోతారు. చూసే కళ్ళుండాలి, అంతే.

ఇంకొందరుంటారు, పుస్తకాలు కూడా ఇవ్వరు, నేరుగా డిగ్రీయే ఇస్తామంటారు. 2023 జనవరిలో ఆపరేషన్ నైటింగేల్ బయటపడింది గుర్తుందా? దక్షిణ ఫ్లోరిడాలో మూడు స్కూళ్ళ పేరుతో 7,600కు పైగా దొంగ నర్సింగ్ డిప్లొమాలు అమ్మారు. కొన్నవాళ్ళలో 2,400 మంది దాకా ఎన్‌క్లెక్స్ పాసయ్యారు కూడా. తర్వాత రాష్ట్ర బోర్డులు ఒక్కొక్కరి లైసెన్సు లాగేసుకోవడం మొదలుపెట్టాయి. డబ్బు పోవడం వేరు, ఉన్న పారామెడిక్ కార్డు కూడా ప్రమాదంలో పడటం వేరు.

ఇప్పటికే సంతకం పెట్టినవాళ్ళుంటే ఇది చదవండి. ఇంటికొచ్చి అమ్మిన సరుకుకి, 25 డాలర్లు దాటితే, మూడో పనిదినం అర్ధరాత్రి దాకా రద్దు చేసుకునే హక్కు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం ఇస్తుంది. శనివారం పనిదినం కిందే లెక్క, ఆదివారం కాదు. శుక్రవారం సంతకం పెడితే మంగళవారం అర్ధరాత్రి వరకు. అమ్మేవాడు రద్దు ఫారం రెండు కాపీలు చేతికివ్వాలి. నాకు ఒక్కటీ ఇవ్వలేదు. పైగా "పది రోజుల్లో పుస్తకాలొస్తాయి, అప్పుడు చూసుకుందాం సార్" అన్నాడు. పెట్టె తలుపు ముందుకు వచ్చేసరికి ఆ మూడు రోజులు ఎప్పుడో దాటిపోయాయన్నమాట. కొందరిచేత ఇంట్లో అంతా మాట్లాడి, సంతకం మాత్రం లింకు పంపి ఫోన్లో పెట్టిస్తున్నారు. మొత్తం ఫోన్లోనో ఆన్‌లైన్లోనో జరిగిన అమ్మకానికి ఈ నియమం వర్తించదు, రేపు ఆ వాదన చేద్దామని. వాడు మీ ఇంటికొచ్చిన రోజు, టైము, డోర్‌బెల్ కెమెరా వీడియో దాచుకోండి.

మూడు రోజులు దాటితే లోను కాగితం తీయండి. అమ్మినవాడే ఇప్పించిన లోను అయితే అందులో పెద్దక్షరాల్లో ఒక నోటీసు ఉండాలి, హోల్డర్ నోటీసు అంటారు. అమ్మినవాడి మీద మీకున్న అభ్యంతరాలు, క్లెయిములు లోను చేతిలో ఉన్నవాడి మీదా చెల్లుతాయని దాని అర్థం, మీరు కట్టిన మొత్తం మేరకు. "మేము బ్యాంకు, మాకేం సంబంధం" అంటే ఆ పేరా చదివి వినిపించండి. వాయిదాలు మాత్రం కోపంలో ఆపేయకండి, పోయేది మీ క్రెడిట్ స్కోరే. ముందు రాతపూర్వకంగా అభ్యంతరం పంపండి, సర్టిఫైడ్ మెయిల్‌లో. టెక్సస్ అటార్నీ జనరల్ కన్స్యూమర్ విభాగానికి నా కంప్లయింటు ఈ పొద్దున వెళ్ళింది.

ఇంకా కొననివాళ్ళకి: ఫాఫ్సాలో (ఫెడరల్ విద్యా సాయం కోసం పెట్టుకునే దరఖాస్తు) ఆ సంస్థకు స్కూల్ కోడ్ ఉందా అడగండి. లేదంటే ఫెడరల్ ఎయిడ్ రాదు, అక్కడే ఆగిపోండి. రాష్ట్ర నర్సింగ్ బోర్డు వెబ్‌సైట్‌లో ఆమోదించిన ప్రోగ్రాముల జాబితా, పాస్ శాతాలు ఉంటాయి. టెక్సస్‌లో మొదటిసారి రాసినవాళ్ళలో 80 శాతం పాసవ్వాలని బోర్డు పట్టుబడుతుంది. కాలేజీ నంబరు బ్రోషర్‌లోది కాకుండా మీరే వెతికి ఫోన్ చేయండి. నాకు పట్టింది నాలుగు నిమిషాలు, కాకపోతే ఎనిమిది నెలలు ఆలస్యంగా.

ఊళ్ళో 108లో చేస్తున్న తమ్ముళ్ళు కూడా అడుగుతున్నారు. అక్కడ ఈఎంటీ నుంచి నర్సుకి ఇలాంటి దగ్గరిదారి లేదు. జీఎన్ఎం మూడేళ్ళో, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళో చదవాల్సిందే. "అమెరికా బ్రిడ్జి హైదరాబాద్ నుంచే" అని ఎవడైనా అంటే, ఇక్కడి పారామెడిక్ లైసెన్సు లేకుండా ఇక్కడి బ్రిడ్జిలో అడుగే పెట్టనివ్వరని చెప్పండి.

ఇంకో మాట మర్చిపోయాను. ఇదే పెట్టెను మార్కెట్‌ప్లేస్‌లో 400కి, 300కి పెడుతున్నారు. వెండి స్టిక్కర్ ఉంటే అదే. ఫ్రీగా ఇచ్చినా తెచ్చుకోకండి, చార్టు ముందే చించేయండి.