మ్యాజిక్ రీసెర్చ్: మానా ఖర్చుపెట్టే ముందు ఒక మాట

అంకెలు పెంచుకుంటూ పోవడమే పనిగా ఉండే ఇంక్రిమెంటల్ గేమ్‌కి మంత్రాల వేషం వేయడం చాలా తేలిక. బంగారం అని ఉన్న చోట మానా, అంటే మంత్రశక్తి, అని రాసి, ఫ్యాక్టరీ బొమ్మ తీసేసి గోపురం బొమ్మ పెట్టి, అప్‌గ్రేడ్‌లకి నోరు తిరగని పేర్లు తగిలిస్తే చాలు, మాంత్రికుల గేమ్ తయారు. లోపల మాత్రం అదే క్లిక్, అదే కొనడం, అదే ఎదురుచూడటం. అందుకే మ్యాజిక్ రీసెర్చ్ అనే ఈ గేమ్ గురించి ఎవరైనా మంచి మాట చెప్తే ముందు నమ్మబుద్ధి కాదు. ఆడాక నమ్మాల్సి వచ్చింది. కొన్ని గొణుగుళ్లు ఉన్నాయి, వాటి సంగతి తర్వాత.

ఇందులో మీరు ఒక మంత్ర విద్యాలయానికి పెద్ద. శిష్యులు ఉంటారు, నిప్పు, నీరు, భూమి, గాలి లాంటి మూలకాల మీద పరిశోధన చేస్తారు, ఒక్కో మూలకంలో స్థాయి పెరిగే కొద్దీ కొత్త మంత్రాలు, కొత్త వస్తువులు తెరుచుకుంటాయి. స్క్రీన్ మీద కనిపించేది మాత్రం అక్షరాలు, బటన్లు, నిండుతూ ఉండే గీతలు, అంతే. గ్రాఫిక్స్ కోసం వచ్చేవాళ్లు ఐదు నిమిషాల్లో వెళ్లిపోతారు, వెళ్లిపోవడమే మంచిది కూడా, వాళ్లకి ఈ గేమ్‌లో ఏమీ లేదు.

మిగిలినవాళ్లకి మొదటి గంటలోనే అసలు విషయం తగులుతుంది. మామూలు క్లిక్కర్ గేమ్‌లో డబ్బు ఉంటే కొంటాం, లేకపోతే ఆగుతాం. 2013లో వచ్చిన కుకీ క్లిక్కర్‌నే తీసుకోండి, ఒక భవనం కొన్న ప్రతిసారీ దాని ధర 15 శాతం పెరుగుతుంది, అంటే ఐదు కొనేసరికి రెట్టింపు, కాబట్టి ఏది చవకగా ఎక్కువ ఇస్తుందో లెక్క చూసుకుంటే అయిపోయింది, ఆలోచించడానికి ఇంకేం మిగలదు. మ్యాజిక్ రీసెర్చ్‌లో మానా అనేది ఖర్చు పెట్టే సొమ్ము మాత్రమే కాదు, దాన్ని ఇప్పుడు ఏ మంత్రానికి పోశారన్న దాన్ని బట్టి తర్వాతి పది నిమిషాలు ఎలా నడుస్తాయో తేలుతుంది. ఆదాయం పెంచే మంత్రం నడిపిస్తే పోరాటానికి మానా మిగలదు, పోరాటానికి దాచుకుంటే పరిశోధన నెమ్మదిస్తుంది, పైగా దాచుకోవడానికి కూడా ఒక హద్దు ఉంటుంది, నిండాక వచ్చేదంతా వృథానే. ఈ చిన్న టెన్షన్ మీదే గేమ్ మొత్తం నిలబడింది.

కుకీ క్లిక్కర్‌లో కూడా మంత్రాలు ఉన్నాయి కదా అని అడిగేవాళ్లు ఉంటారు. ఉన్నాయి, విజార్డ్ టవర్ అనే భవనం దగ్గర గ్రిమోయిర్ అనే మినీగేమ్ ఉంటుంది, అందులో విధి చేయి మెలిపెట్టి బోనస్ ఇచ్చే బంగారు కుకీని రప్పించే మంత్రానికి 10 పాయింట్లతో పాటు మొత్తం మాయాశక్తి హద్దులో 60 శాతం అవుతుంది. ఆటగాళ్లు ఇక్కడ భలే చిట్కా పట్టారు: ఒకసారి మంత్రం వేసి, వెంటనే టవర్లు కొన్ని అమ్మేస్తే హద్దు తగ్గి మంత్రం ఖర్చు కూడా తగ్గుతుంది, మిగిలిన కొంచెం శక్తితోనే రెండోసారి వేసేయొచ్చు. తెలివైన పని, చదువుతుంటేనే ముచ్చటేస్తుంది. కానీ అక్కడ మంత్రం అనేది పక్కన నడిచే జూదం, విఫలమైతే నష్టం తెచ్చే ఎర్ర కుకీ మీద పడొచ్చు. మ్యాజిక్ రీసెర్చ్‌లో మంత్రమే బతుకుతెరువు.

ఇక ఆటగాళ్లు రెండు పక్షాలుగా చీలిపోయే చోటు, రిటైర్‌మెంట్. ప్రిస్టీజ్ అంటాం కదా, అన్నీ వదిలేసి మొదటి నుంచి మొదలుపెట్టి బోనస్ పట్టుకెళ్లడం, ఇందులో దాని పేరు అది. చాలా గేమ్‌లలో ప్రిస్టీజ్ అంటే పెద్ద అంకె చూసి బటన్ నొక్కడమే. ఇక్కడ బోనస్ రావాలంటే గేమ్‌లో దాగి ఉన్న కథల్ని మీరు బయటపెట్టాలి. ఏదో వస్తువు వివరణలో ఒక వాక్యం, ఏదో చోటు గురించి ఒక సూచన, దాన్ని పట్టుకుని ఇంకెక్కడో ఒక మంత్రం వేస్తే అప్పుడు ఒక కథ కదులుతుంది. ఇది నాకు పిచ్చిగా నచ్చింది. అంకెలు పెంచడం కోసం తయారైన గేమ్‌లో చదవడానికి ప్రతిఫలం ఇవ్వడం ఎంతమంది చేస్తారు చెప్పండి? వివరణల్ని చూడకుండా బటన్లు మాత్రమే నొక్కుకుంటూ పోయేవాళ్లు కొంతదూరం వెళ్లాక గోడకి గుద్దుకుంటారు, వాళ్లే తర్వాత గేమ్ చాలా స్లో అని రాస్తారు.

అయితే వాళ్ల మాటలో అసలు నిజం లేదని కూడా అనలేను. కొన్ని సూచనలు మరీ చాటుగా ఉన్నాయి. ఏం చేయాలో తెలియక, ఏం చేయలేకపోతున్నామో కూడా తెలియక, తెరిచి చూడటం మూసేయడం అనే దశ ఒకటి వస్తుంది. గైడ్ చూడాలా వద్దా అన్న గొడవ అక్కడే మొదలవుతుంది. నా అభిప్రాయం అడిగితే, ఇరుక్కున్న ఆ ఒక్క కథ వరకే గైడ్ చూసి మూసేయండి, మొత్తం జాబితా ముందే చదివేస్తే ఈ గేమ్‌లో మిగిలేది చెక్‌లిస్ట్ ఒక్కటే.

రెండో గొణుగుడు, మళ్లీ మొదలుపెట్టినప్పుడల్లా తెలిసిన మెట్లే ఎక్కాలి. బోనస్‌ల వల్ల వేగంగానే ఎక్కుతాం, అయినా ఈ మంత్రాలు ఇంతకుముందే నేర్చుకున్నాను కదా బాబూ అనిపిస్తుంది. ఆటోకాస్ట్ దగ్గరికి వస్తే మాత్రం నాకు రెండు మనసులు. మంత్రాలు వాటంతట అవే పడుతుంటే వేలికి విశ్రాంతి, కానీ ఏ మంత్రం వేయాలా అని తల పట్టుకునే సరదా కూడా అక్కడ సన్నగిల్లుతుంది. పోరాటాలు పర్వాలేదు, శత్రువుకి ఏ మూలకం పడదో చూసి మంత్రాలు మార్చుకోవడం బాగుంటుంది, బలం చాలకపోతే మాత్రం ఎంత తెలివి వాడినా పని జరగదు.

యాడ్స్ లేవు, మధ్యలో వజ్రాలు కొనమని బతిమాలడం లేదు, ఒకసారి కొనుక్కుంటే అంతే. ఈ జాతి గేమ్‌లలో ఇదే పెద్ద ఊరట, ఎందుకంటే ముప్పై సెకన్ల వీడియో చూస్తే ఆదాయం రెట్టింపు అనే బటన్ ఒకటి పెట్టారంటే, ఆ బటన్ నొక్కనివాళ్లకి విసుగు పుట్టేలా గేమ్‌ని కావాలనే నెమ్మది చేసి ఉంటారని అర్థం. ఫోన్‌లోనూ, కంప్యూటర్ గేమ్‌లు అమ్మే స్టీమ్‌లోనూ ఆడుకోవచ్చు. 2024లో రెండో భాగం కూడా వచ్చింది.

కథలూ గిథలూ వద్దు, రకరకాల మాంత్రికుడిగా మళ్లీ మళ్లీ ఆడాలి అనుకునేవాళ్లకి ఐడిల్ విజార్డ్ అనే ఇంకో గేమ్ సరిపోతుంది. అందులో ప్రిస్టీజ్‌ని ఎగ్జైల్ అంటారు, ప్రతిసారీ డ్రూయిడ్, నెక్రోమాన్సర్, క్రోనోమాన్సర్ లాంటి వాటిలో ఒకటి ఎంచుకుంటాం, ఏది ఎంచుకుంటే ఆట తీరు దానికి తగ్గట్టు మారుతుంది. లోతుంది, కాదనను, కానీ కొత్తగా వచ్చినవాడి ముందు ఇన్ని అంకెలు ఒక్కసారిగా కుమ్మరిస్తే కళ్లు తిరుగుతాయి.

మ్యాజిక్ రీసెర్చ్ మొదలుపెట్టేవాళ్లకి ఒక్క సలహా. గేమ్ మూసేసి ఉన్న సమయానికి టైమ్ పీస్‌లు వస్తాయి, వాటితో తర్వాత గేమ్ వేగం పెంచుకోవచ్చు. కొత్తలో, చేతినిండా పని ఉన్నప్పుడు వాటిని ఖర్చు పెట్టకండి. మానా హద్దు పెంచుకుని, ఏ కథ వెనక పడాలో తేల్చుకుని, ఇక ఎదురుచూడటం ఒక్కటే మిగిలిందన్నప్పుడు వాడండి.