పొద్దున నేలపట్టు, సాయంత్రం పులికాట్

పక్షులు చూద్దామని సూళ్లూరుపేటలో దిగినవాళ్లు ముందు పులికాట్ సరస్సుకే పరుగెడతారు. మేం తిరగేసి వెళ్లాం, అదే మంచిదైంది.

రాత్రి దిగిన లాడ్జిలో వేడినీళ్లు ఏడింటికి గానీ రావన్నారు. ఐదున్నరకే చన్నీళ్లు పోసుకుని బయటపడ్డాం. దొరవారిసత్రం దగ్గరి నేలపట్టు పక్షుల కేంద్రానికి ఆటోను రానూపోనూ మాట్లాడుకున్నాం. అలా చేయకపోతే తిరిగొచ్చేటప్పుడు బండి కోసం రోడ్డు మీద నిలబడాలి. ఇడ్లీలు కట్టించుకుని వెళ్లడం కూడా మరిచిపోకండి.

చెరువు నీళ్లలోనే నిలబడి ఉంటాయి కడప అనే చెట్లు. వాటి నిండా గూళ్లు. రెట్టలతో కొమ్మలు సున్నం కొట్టినట్టు తెల్లబడిపోయాయి. వాచ్ టవర్ ఎక్కుతూనే మా అత్తయ్య, "ఇదేం కంపురా, చేపల మార్కెట్లో కూర్చోబెట్టావు" అని ముక్కు మూసుకుంది. ఆ రెట్టలు కలిసిన చెరువు నీళ్లంటే చుట్టుపక్కల రైతులకు మాత్రం ఎరువు కలిసిన నీళ్లే.

బైనాక్యులర్స్ ఆమె చేతికిచ్చాక కథ మారింది. దగ్గరి కొమ్మ మీద గూడబాతు (పెలికాన్) పిల్ల ఒకటి, ఒళ్లంతా తెల్లటి నూగు, తల్లి ముక్కు కింద సంచిలోకి తలంతా దూర్చేసింది. మెడ కూడా లోపలికి పోయింది. తల్లి ఊగిపోతోంది, పిల్ల వదలదు. "అయ్యో, మింగేస్తోందా?" అని అత్తయ్య కంగారు. మింగడం కాదు, పిల్ల లోపలున్న చేపలు తింటోంది. ఆ చేపల కోసం పెద్ద పక్షులు పులికాట్ దాకా ఎగిరి వెళ్లొస్తాయి. పక్క చెట్ల మీద నత్తగుల్ల కొంగలు, నీటికాకులు కూడా ఉన్నాయి గానీ ఆవిడ వాటివైపు చూడనే లేదు. రెండు గంటలయ్యాక బతిమాలి దింపాల్సి వచ్చింది.

సాయంత్రం శ్రీహరికోట రోడ్డు. సరస్సును చీల్చుకుంటూ పోతుంది, రెండు వైపులా నీళ్లే. ఫ్లెమింగోలు దూరంగా గులాబీ గీతలా కనిపించాయి. లోతు తక్కువున్న చోటే తల కిందులుగా ముంచి ముక్కుతో నీళ్లు వడగట్టుకుంటాయి కాబట్టి, నీళ్లు బాగా ఎక్కువున్న ఏడాది అంతగా రావు. ఫోన్‌తో ఫోటోలు తీస్తే చుక్కలే పడతాయి, ఆశ పెట్టుకోకండి. షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) బస్సులు జోరుగా వస్తుంటాయి, పిల్లలుంటే చెయ్యి వదలకండి.

అందం పులికాట్‌దే, ఒప్పుకుంటాను. కానీ ఒక పూటే ఉంటే నేలపట్టుకే వెళ్తాను. ఫ్లెమింగో పండుగ రోజుల్లో మాత్రం వద్దు. పక్షుల కన్నా మైకులే ఎక్కువ వినిపిస్తాయి.

తిరుగు రైల్లో అత్తయ్య అడిగింది: "ఆ పిల్లకి ఎగరడం ఎప్పుడొస్తుందిరా? అప్పుడొకసారి వద్దాం."