నౌకాదళ అనుబంధ కార్యాలయంలో పొరుగు సేవల సిబ్బంది: రెండేళ్లు చూశాక

విశాఖపట్నంలో నౌకాదళానికి అనుబంధంగా ఉన్న ఒక కార్యాలయంలో పరిపాలన విభాగం పర్యవేక్షకుడిగా ఉండగా, డైరీ (వచ్చిన ఉత్తరాల నమోదు), డిస్పాచ్ (ఉత్తరాలు బయటకు పంపడం), టైపింగు, డేటా ఎంట్రీ పనులకు ఒక ప్రైవేటు ఏజెన్సీ పంపిన సిబ్బందితో రెండేళ్లు పనిచేశాను. సిబ్బందికి ఐదుకు నాలుగున్నర మార్కులు వేస్తాను. ఏజెన్సీకి మాత్రం రెండుకు మించి వేయలేను.

గాజువాక, మల్కాపురం, కంచరపాలెం నుంచి వచ్చే ఆ ఆరుగురూ ఏ రోజు ఉత్తరాలు ఆ రోజే డైరీలో ఎక్కించేవారు. అంతకుముందు మూడు, నాలుగు రోజులు ఆగే ఉత్తరం మరుసటి ఉదయానికి సంబంధిత సెక్షన్‌కు చేరేది. 1923 నాటి అధికార రహస్యాల చట్టం పరిధిలోకి వచ్చే కాగితాలు శాశ్వత ఉద్యోగుల చేతిలోనే ఉండేవి కనుక ఆ విషయంలో ఏనాడూ ఇబ్బంది రాలేదు.

అసలు చిక్కు గేటు దగ్గర మొదలైంది. ఎవరైనా సెలవు పెడితే 24 గంటల్లో మరొకరిని పంపాలని ఒప్పందంలో రాసుకున్నాం. కానీ పోలీసు విచారణ పూర్తయి పాసు చేతికి రానిదే కొత్త మనిషి లోపలికి అడుగు పెట్టలేడు, అందుకు వారాలు పడుతుంది. అందువల్ల ఆ షరతు కాగితానికే పరిమితమై, ఒకరు ప్రసూతి సెలవులో వెళ్లినప్పుడు డిస్పాచ్ పని నెలకు పైగా మిగిలిన ఐదుగురి మీదే పడింది. ముందుగానే ఇద్దరికి అదనంగా విచారణ పూర్తి చేయించి సిద్ధంగా ఉంచమని రెండుసార్లు లిఖితపూర్వకంగా కోరినా ఏజెన్సీ పట్టించుకోలేదు.

జీతాల సంగతి ఇంకా బాధాకరం. ఏజెన్సీ తన బిల్లును మేము మంజూరు చేసే దాకా ఆగకుండా ప్రతి నెలా 7వ తేదీలోగా జీతం ఇవ్వాలన్నది షరతు కాగా, కొన్ని నెలల్లో 20వ తేదీ దాటేది. కాంట్రాక్టరు చెల్లించకపోతే ప్రధాన యజమానే (అంటే పని చేయించుకునే కార్యాలయమే) చెల్లించాలని, ఆ మొత్తాన్ని కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవచ్చని అప్పట్లో అమల్లో ఉన్న 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం స్పష్టంగా చెప్పింది. ఆ సంగతి గుర్తు చేస్తూ ఉత్తరం రాసిన తరువాతే తేదీలు కొంత సర్దుకున్నాయి. జీతం నుంచి కోసిన 12 శాతం భవిష్య నిధి (పీఎఫ్) నిజంగా జమ అయిందో లేదో బిల్లుతో పాటు వచ్చే చలానాలో ఒక్కొక్క పేరూ సరిచూసుకోవాలని ఇతర కార్యాలయాల వారికి గట్టిగా చెబుతున్నాను; మొత్తం అంకె సరిపోయినంత మాత్రాన అందరికీ జమ అయినట్టు కాదు.

ప్రభుత్వ కార్యాలయాల కొనుగోళ్లకు వాడే ఆన్‌లైన్ వేదిక ప్రభుత్వ ఈ-మార్కెట్‌లో టెండరు పిలిచినప్పుడు కనీస వేతనం, భవిష్య నిధి, ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) ఎలాగూ స్థిరంగా ఉంటాయి కాబట్టి పోటీ అంతా ఏజెన్సీ తన కోసం తీసుకునే సర్వీసు ఛార్జీ మీదే నడుస్తుంది. అది మరీ తక్కువగా కోట్ చేసిన సంస్థ తన లాభాన్ని ఎక్కడి నుంచి తెచ్చుకుంటుందో ఆలోచించకుండా ఖరారు చేయడం మా వైపు జరిగిన పొరపాటని ఒప్పుకుంటున్నాను.

ఒప్పందం ముగిసిన రోజున డిస్పాచ్ చూసే అమ్మాయి నాకొక నోటుపుస్తకం ఇచ్చింది. ఏ బీరువాలో ఏ అరలో ఏ సంవత్సరపు ఫైలు ఉందో అందులో తన చేతిరాతతో రాసి పెట్టింది. ఆ పని ఒప్పందంలో లేదు, ఎవరూ అడగనూ లేదు. కొత్త ఏజెన్సీ మనుషులు ఫైళ్లు వెతకడానికి ఇప్పటికీ ఆ పుస్తకాన్నే తీస్తున్నారు.