చెన్నై కోటలో సెయింట్ మేరీస్ చర్చి: పైకప్పు చూడండి, కాళ్ళ కింద రాళ్ళు కూడా చూడండి

చెన్నై వెళ్ళే మనోళ్ళు టీ నగర్ లో చీరలు కొని, మెరీనాలో కాసేపు కూర్చుని, ఓపిక ఉంటే మైలాపూర్ గుడి చూసి రైలెక్కేస్తారు. సెయింట్ జార్జ్ కోట అంటే సెక్రటేరియట్ కదా, అక్కడ మనకేం పని అనుకుంటారు. ఆ కోట లోపల 1680 నాటి చర్చి ఒకటుంది, పాత కట్టడాలంటే ఇష్టమున్న ఎవరైనా ఒక పూట దానికి కేటాయించాలని నా గట్టి అభిప్రాయం. సూయజ్ కి తూర్పున ఉన్న ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చి శాఖ) చర్చిల్లో ఇదే పాతది అంటారు. ఇప్పుడు సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) చర్చి, ఆదివారం ఆరాధన జరుగుతుంది, అంటే మ్యూజియం ముక్క కాదు, ఇంకా వాడుకలో ఉన్న ప్రార్థనా మందిరం.

బయట్నుంచి చూస్తే తెల్లటి గోడలు, పైన సూదిలాంటి శిఖరం, అంతే, పెద్దగా ఏం అనిపించదు. శిఖరం కూడా మొదట్లో లేదు, తర్వాత కట్టిందే. అసలు సంగతి లోపలికెళ్ళి తలెత్తితే తెలుస్తుంది. మధ్యలో ఒక పొడవాటి హాలు, రెండు పక్కలా ఇంకో రెండు, మూడిటి మీదా పీపాని నిలువునా చీల్చి బోర్లించినట్టు ఇటుక కప్పులు. ఒక్క దూలం లేదు. మన పాత ఇళ్ళలో మద్రాస్ టెర్రస్ చూసుంటారు కదా, టేకు దూలాలు పరిచి వాటి మీద ఇటుకలు నిలబెట్టి సున్నం కొట్టేవాళ్ళు, ఇక్కడ ఆ పద్ధతే వద్దనుకున్నారు. చెక్క ఉంటే చెదలు పడతాయి, నిప్పంటుకుంటుంది, ఫిరంగి గుండు పడితే కూలుతుంది. డిజైన్ చేసింది ఫిరంగుల దళంలో మాస్టర్ గన్నర్ విలియం డిక్సన్ అని చెప్తారు, అది విన్నాక ఈ లెక్కంతా అర్థమవుతుంది, గుండు పడితే ఏమవుతుందో తెలిసినవాడు కట్టిన గుడి ఇది.

కప్పు మందం రెండడుగులు, బయటి గోడలు నాలుగడుగులు. గోడలు అంత లావు ఎందుకంటే, వంపు తిరిగిన కప్పు బరువు నేరుగా కిందకే దిగదు, పక్కలకి కూడా తోస్తుంది, ఆ తోపుడు ఆపాలంటే గోడలో బరువుండాలి. కిటికీ దగ్గర నిలబడి గోడ లోతు చూడండి, చెప్పక్కర్లేకుండానే తెలిసిపోతుంది. ఈ కప్పుకి పరీక్ష కూడా జరిగింది. 1746లో ఫ్రెంచ్ వాళ్ళు కోట పట్టుకున్నారు, మళ్ళీ 1758 డిసెంబర్ నుంచి 1759 ఫిబ్రవరి దాకా ఫ్రెంచ్ సేనాని లాలీ ముట్టడి వేసి కోట మీద గుండ్లు కురిపించాడు, అంత జరిగినా ఈ కప్పు నిలబడింది. ఈస్టిండియా కంపెనీ డబ్బుతో కట్టింది కూడా కాదు, కోటలో ఉన్న ఇంగ్లీషు వాళ్ళు చందాలేసుకుని వరహాల్లో పోగు చేసి కట్టుకున్నారు. పని మొదలుపెట్టింది 1678 మార్చి 25న, మరియమ్మకి దేవదూత శుభవార్త చెప్పిన పండగ రోజు, ఆ పేరు అందుకే.

లోపల చూడాల్సినవి చాలా ఉన్నాయి కానీ అన్నీ చెప్పను. బాప్తిస్మపు తొట్టి మాత్రం వదలొద్దు, పల్లావరం నల్ల రాయితో చేసింది, కలకత్తాతో ముడిపడ్డ జాబ్ చార్నాక్ కూతుళ్ళు ముగ్గురికీ 1689లో ఇక్కడే బాప్తిస్మం ఇచ్చారు. రాబర్ట్ క్లైవ్ పెళ్ళి 1753లో ఈ చర్చిలోనే. చర్చి తెరిచాక జరిగిన మొదటి పెళ్ళి ఎలిహు యేల్ ది, అమెరికాలో యేల్ యూనివర్సిటీకి ఆ పేరు వచ్చింది ఇతని వల్లే. ఆ మనిషి ఇక్కడ పెద్ద హోదాలో ఉన్న రోజుల్లోనే ఈ రేవు నుంచి మనుషుల్ని బానిసలుగా ఓడలెక్కించారు, చలవరాతి ఫలకాలు చూసి మురిసిపోయే ముందు అది కూడా గుర్తుంచుకోవాలి. ఆల్టర్ (బలిపీఠం) దగ్గర ఏసుక్రీస్తు చివరి విందు బొమ్మ ఒకటుంది, 1761లో పాండిచ్చేరి నుంచి యుద్ధంలో తెచ్చుకున్నది, గీసిందెవరో పేరు లేదు.

మన వాళ్ళు ముఖ్యంగా చూడాల్సింది థామస్ మన్రో సమాధి. రాయలసీమ వాళ్ళకి ఈ పేరు కొత్త కాదు, దత్త మండలాలకి 1800 నుంచి 1807 దాకా కలెక్టరు, రైతే నేరుగా సర్కారుకి శిస్తు కట్టే రైత్వారీ పద్ధతితో పేరు ముడిపడ్డ మనిషి, మంత్రాలయంలో రాఘవేంద్ర స్వామి ఇతనికి కనిపించాడనే కథ సరేసరి. తర్వాత మద్రాసు గవర్నర్ అయ్యాడు, ఇంగ్లండ్ వెళ్ళిపోయే ముందు ఆ ఊళ్ళన్నీ ఒకసారి చూసొస్తానని బయల్దేరి 1827 జూలైలో పత్తికొండ దగ్గర కలరాతో పోయాడు. ముందు గుత్తిలో పాతిపెట్టారు, 1831లో అస్థికలు ఇక్కడికి తెచ్చారు. గుత్తి కోట కింద ఆ పాత శ్మశానం చూసినవాళ్ళు ఇక్కడికొచ్చి ఆ పేరు చదివితే మనసుకి ఏదోలా ఉంటుంది, నాకైతే అక్కణ్ణించి కదలబుద్ధి కాలేదు. ఆ పేరుకీ పత్తికొండకీ ఉన్న సంబంధం చెప్తూ తెలుగులో రెండు లైన్లు రాసి పెడితే ఎంత బాగుంటుందో. అసలీ కోటకి జాగా ఇచ్చిన దామెర్ల వాళ్ళు కూడా తెలుగు నాయకులే కదా.

ఇక చర్చి చుట్టూ ఉన్న ఆవరణ. నేల మీద పరిచిన రాళ్ళు మామూలు బండలు కాదు, సమాధి ఫలకాలు. లాటిన్, పోర్చుగీసు, ఆర్మేనియన్, ఇంగ్లీషు అక్షరాలు కనపడతాయి, వాటిల్లో 1652 నాటి ఎలిజబెత్ బేకర్ ఫలకం కూడా ఉంది. ఇవి మొదట ఇక్కడివి కావు. కోట బయట ఇప్పటి హైకోర్టు, లా కాలేజీ వైపు పాత శ్మశానం ఉండేది, లాలీ ముట్టడిలో ఫ్రెంచ్ సైనికులు ఆ ఎత్తైన సమాధుల చాటున దాక్కుని కోటని కొట్టారు, అందుకని తర్వాత సమాధులు పడగొట్టి ఫలకాలు తెచ్చి ఇక్కడ పరిచారు. 1782లో హైదర్ అలీతో యుద్ధం జరుగుతున్నప్పుడు వీటినే పీకి ఫిరంగుల కింద వేశారు, కొన్ని దెబ్బతిన్నాయి, మళ్ళీ తెచ్చి పరిచారు. పాత చోట మిగిలిన వాటిల్లో యేల్ కొడుకు సమాధి ఒకటి, అక్కణ్ణించి దాన్ని తీసెయ్యాలా ఉంచాలా అనే గొడవ కోర్టు దాకా వెళ్ళింది.

చట్టం ఉంది. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం, దానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లలో కొత్త నిర్మాణం కుదరదు, ఆపైన 200 మీటర్లలో అనుమతి కావాలి. కానీ చట్టం ఆపగలిగేది బయట్నుంచి వచ్చే బిల్డింగుల్ని, కోటలో ఉన్న పది అంతస్తుల సెక్రటేరియట్ బ్లాక్ అయితే ఆ సవరణ కంటే ఎప్పుడో ముందుదే. గోడలోకి దిగే తేమని, అక్షరాల మీద పడే అడుగుల్ని చట్టం ఎలా ఆపుతుంది? పక్కనే సముద్రం, ఉప్పు గాలి. ఇలాంటి ఇటుక గోడకి గానుగ సున్నమే వాడాలి, సున్నం గోడలో తేమని బయటికి పోనిస్తుంది, సిమెంట్ పూస్తే తేమ లోపలే ఉండిపోయి ఉప్పు పేరుకుని ఇటుక పొడి పొడిగా రాలిపోతుంది. మన ఊళ్ళలో పాత గుళ్ళకీ మసీదులకీ చర్చిలకీ భక్తితో, సొంత డబ్బుతో సిమెంట్ కొట్టించి ఎనామిల్ పెయింట్ వేయించేవాళ్ళు ఇది తప్పకుండా తెలుసుకోవాలి. ఇదే కోటలో వెల్లెస్లీ హౌస్ కొంత భాగం కూలిపోయిన కట్టడమే, అంటే కోట గోడ లోపల ఉన్నంత మాత్రాన భద్రం అని కాదు. ఆ ఫలకాల చుట్టూ నడవడానికి ఒక పక్కన దారి వేసి మిగతా చోట కాళ్ళు పడకుండా చేస్తే చాలా అక్షరాలు మిగులుతాయి. అప్పటిదాకా వెళ్ళినవాళ్ళే చూసుకుని అంచుల మీద నడవాలి, పిల్లలకి కూడా చెప్పండి.

రేటింగ్ అంటే కట్టడానికి ఐదుకి ఐదు, ఆలోచించక్కర్లేదు. చరిత్ర తెలియకుండా వెళ్తే మాత్రం సగమే చూసినట్టు, కాస్త చదువుకుని వెళ్ళండి. గేటు దగ్గర చెకింగ్ ఉంటుంది, గుర్తింపు కార్డు పెట్టుకోండి, పెద్ద బ్యాగులు వద్దు. శుక్రవారం వద్దు, పక్కనే ఉన్న ఫోర్ట్ మ్యూజియంకి ఆ రోజు సెలవు, రెండూ కలిపి చూస్తేనే బాగుంటుంది. ఎండ ముదరకముందే వెళ్తే ఆవరణలో నిలబడి ఫలకాలు చదువుకోవచ్చు, ఏటవాలు వెలుతురులో అరిగిన అక్షరాలు కూడా బాగా కనపడతాయి. వచ్చేటప్పుడు ఐలాండ్ గ్రౌండ్స్ వైపు రోడ్డు మధ్యలో గుర్రం మీద మన్రో విగ్రహం ఉంది, అది కూడా చూసుకుని అటు నుంచి అటే సెంట్రల్ స్టేషన్ కి వెళ్ళిపోవచ్చు.