ఎలీజ్ ఆర్, ఎలీజ్ ఎస్‌సీ: సూపర్‌చార్జర్ ఉన్నది మేలా, లేనిది మేలా?

మా బాబాయి కొడుకు ఇంగ్లండులో, లెస్టర్‌లో ఉంటాడు. లోటస్ ఎలీజ్ అనే చిన్న స్పోర్ట్స్ కారు కొనాలని రెండేళ్లుగా డబ్బు కూడబెడుతున్నాడు. పోయిన నెల ఫోన్ చేశాడు. "అన్నా, అమ్మకానికి రెండు కార్లు చూశా. ఒకటి ఆర్, ఒకటి ఎస్‌సీ. ఎస్‌సీకి ముప్పై హార్స్‌పవర్ ఎక్కువ. డబ్బు సరిపోతే అదే తీసుకోవాలి కదా?"

ప్రశ్న అంత తేలిక కాదురా, రెండు రోజులు ఆగు అన్నాను. ఆ రెండు కార్లూ నేను నడిపినవే, వాటిమీద నాకున్న ఇష్టం కూడా కొత్తది కాదు. వాడికి చెప్పిందే ఇంకాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

ముందు కారు గురించి. ఎలీజ్ 1996లో నార్ఫోక్‌లోని హెథెల్‌లో ఉన్న లోటస్ ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. అల్యూమినియం కడ్డీలను వెల్డింగ్ చేయకుండా బంకతో అతికించి చేసిన చట్రం, దాని బరువు 68 కిలోలు. మొదట్లో రోవర్ ఇంజిన్ ఉండేది. 2004లో 111ఆర్ పేరుతో టయోటా ఇంజిన్ వచ్చింది. దాన్నే తర్వాత ఎలీజ్ ఆర్ అన్నారు. 1796 సీసీ, 189 హార్స్‌పవర్, కారు బరువు 860 కిలోలు. ఇదే ఇంజిన్‌కు సూపర్‌చార్జర్ తగిలించి 2008లో తెచ్చింది ఎస్‌సీ. పవర్ 218 హార్స్‌పవర్, బరువు సుమారు పది కిలోలు ఎక్కువ. కాగితం మీద తేడా ఇంతే.

అసలు సంగతంతా ఆ టయోటా ఇంజిన్‌లో ఉంది. పేరు 2జెడ్‌జెడ్-జీఈ. యమహాతో కలిసి తయారు చేశారు, సెలికాలోనూ ఇదే ఉండేది. దీని క్యామ్‌షాఫ్ట్ అనే తిరిగే కడ్డీ మీద వాల్వులను తెరవడానికి రెండు రకాల బొడిపెలు (క్యామ్‌లు) ఉంటాయి. మామూలుగా చిన్న బొడిపెలు పనిచేస్తాయి. 6200 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దాటగానే పెద్ద బొడిపెలు అందుకుంటాయి. వాల్వులు ఎక్కువ ఎత్తు లేస్తాయి, ఎక్కువసేపు తెరుచుకుని ఉంటాయి, సిలిండర్లలోకి గాలి ఒక్కసారిగా దూసుకొస్తుంది. అక్కడినుంచి 8000 పైదాకా ఇంజిన్ పెట్టే కేక వింటే ఒళ్లు జలదరిస్తుంది. మొదటిసారి విన్నప్పుడు నేను కారు పక్కకు ఆపి కాసేపు ఊరికే కూర్చున్నాను.

ఆర్‌లో ఈ మార్పు దాచుకోకుండా వస్తుంది. కింద నెమ్మదైన కారు, పైన ఉగ్రరూపం. టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, 181 న్యూటన్ మీటర్లు, అదీ 6800 దగ్గర. ఎస్‌సీలో సుమారు 210, అదీ 5000 దగ్గరే. సూపర్‌చార్జర్ అంటే కొలిమికి తిత్తి లాంటిది. ఇంజిన్ తనంతట తాను పీల్చుకునే గాలి చాలదని, బెల్టుతో తిరిగే రెండు రోటర్లు గాలిని లోపలికి తోస్తాయి. ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ తిత్తి ఆడుతూనే ఉంటుంది కాబట్టి టర్బోలో లాగా కాలు నొక్కాక క్షణంసేపు ఎదురుచూడటం ఉండదు. కింది ఆర్‌పీఎంలో ఉన్న లోటును అది పూడుస్తుంది. ఆ మేరకు 6200 దగ్గరి ఎగుడు కూడా చదునవుతుంది. కొందరికి అది నష్టం. నాకూ కొంత నష్టమే.

ఎక్కువమంది అనుకునేది ఏమిటంటే, సూపర్‌చార్జర్ కారు రేసు ట్రాక్ మీద తిప్పేవాళ్లకు, మామూలు కారు ఆదివారాలు రోడ్డు మీద తిరిగేవాళ్లకు అని. నాకు తోచింది దానికి సరిగ్గా తలకిందులు. రోడ్డుకు ఎస్‌సీ. ట్రాక్‌కు ఆర్.

రోడ్డు సంగతి లెక్కతో చెబుతాను. ఈ కార్ల గేర్‌బాక్స్‌లో రెండో గేర్ నిష్పత్తి 2.050, మూడోది 1.481, ఫైనల్ డ్రైవ్ (చక్రాలకు ముందుండే చివరి గేర్ జత) 4.529. వెనక టైరు సైజు పట్టి చూస్తే 6200 ఆర్‌పీఎం దగ్గర రెండో గేర్‌లో వేగం గంటకు సుమారు 78 కిలోమీటర్లు. మూడో గేర్‌లో సుమారు 108. ఇంగ్లండులో పల్లెల మధ్య వెళ్లే, మధ్యలో డివైడర్ లేని రోడ్డు మీద చట్టం అనుమతించేది గంటకు 60 మైళ్లు, అంటే 97 కిలోమీటర్లు. దీన్నిబట్టి ఆర్‌లో ఆ రెండో క్యామ్ పండగ మూడో గేర్‌లో అలాంటి రోడ్ల మీద చట్టబద్ధంగా ఎప్పటికీ రాదు. రెండో గేర్‌లో 78 నుంచి 97 దాకా వస్తుంది. అంటే సెకనో, రెండు సెకన్లో. ఆ తర్వాత మళ్లీ గేరు మార్చి, మళ్లీ మామూలు కారు.

ఇక ఆ రోడ్ల మీద నిజంగా జరిగేది తలుచుకోండి. ముందు ఒక ట్రాక్టరు వెళ్తుంటుంది. మలుపు దాటగానే రెండు వందల మీటర్ల ఖాళీ దొరుకుతుంది. మీరు మూడో గేర్‌లో 60 కిలోమీటర్ల వేగంతో ఉన్నారు, అంటే 3500 ఆర్‌పీఎం దగ్గర. ఆర్‌లో అయితే గబుక్కున రెండోకి దించాలి, ఇంజిన్‌ను అరిపించాలి. ఎస్‌సీలో కాలు నొక్కితే చాలు, కారు ముందుకు జరిగిపోతుంది. వాన పడుతున్న రోజున, పక్క సీట్లో ఇంటావిడ ఉన్నప్పుడు, ఆ తేడా చిన్నది కాదు. రోజూ వాడుకునేవాడికి ఎస్‌సీలో మిగిలే ఓపిక చాలా ఎక్కువ.

ట్రాక్ దగ్గర కథ మారుతుంది. సైకిల్ పంపుతో గాలి కొడితే పంపు అడుగు వేడెక్కడం చిన్నప్పుడు అందరం చూసిందే. గాలిని నొక్కితే వేడి పుడుతుంది. వేడెక్కిన గాలి పల్చబడుతుంది, సిలిండర్‌లో నాకింగ్‌కు (ఇంధనం అదుపు తప్పి తనంతట తాను పేలడానికి) దారి తీస్తుంది, దాన్ని తప్పించడానికి ఇంజిన్ కంప్యూటర్ స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది, పవర్ తగ్గుతుంది. ఈ వేడిని తీయడానికే ఇంటర్‌కూలర్. ఎలీజ్ ఎస్‌సీకి అది లేదు. బరువు పెరగకూడదని, వెనక అద్దంలోంచి చూపు పోకూడదని వదిలేశారు. ఈ కారు తమ్ముడే అయిన ఎగ్జీజ్ ఎస్‌కు ఇంటర్‌కూలర్ ఉంది, పైకప్పు మీది తూము దానికే గాలి అందిస్తుంది, అందుకు బదులుగా వెనక అద్దంలో ఏమీ కనిపించదు.

కాబట్టి జులై ఎండలో, హెథెల్‌కు దగ్గర్లోని స్నెటర్టన్ సర్క్యూట్‌లో ఆపకుండా ఇరవై నిమిషాలు తిప్పితే ఎస్‌సీ మొదటి రెండు మూడు ల్యాపుల్లో ఉన్నంత చురుగ్గా చివర్లో ఉండదు. ఆర్ అలా కాదు. మొదటి ల్యాపులో ఎలా ఉందో చివరి ల్యాపులోనూ అలాగే ఉంటుంది. పైగా అక్కడ 6200 పైన ఉండటానికి అడ్డేమీ లేదు, మూడో గేర్ నుంచి పైన గేర్ల మధ్య దూరం కూడా అందుకు సరిపోయేలా ఉంది, ఒకసారి పెద్ద క్యామ్ మీదికి ఎక్కితే బ్రేకు వేసేదాకా దిగక్కర్లేదు. నడపడం నేర్చుకోవాలనుకునేవాడికి అంతకన్నా మంచి గురువు లేదు. గేరు తప్పుగా ఎంచుకుంటే కారు వెంటనే చెప్పేస్తుంది. ఎస్‌సీ ఆ తప్పును టార్క్‌తో కప్పేస్తుంది.

ఖర్చు సంగతి క్లుప్తంగా. ఎస్‌సీలు తక్కువ తయారయ్యాయి, అందుకే ధర ఎక్కువ అడుగుతారు. ఇంధనం, సర్వీసుల్లో చెప్పుకోదగ్గ తేడా నాకు కనిపించలేదు. రేడియేటర్ మార్చాలంటే ముందుభాగం బాడీ మొత్తం ఊడదీయాల్సి రావడం రెండింటికీ ఉన్న తలనొప్పే. ఇక, "నాలుగేళ్ల తర్వాత హైదరాబాద్ తెచ్చేసుకుంటా" అని మావాడు అన్న మాట మాత్రం అక్కడే ఆపేశాను. మూడేళ్లు దాటిన పాత కారును మన దేశ నిబంధనలు దిగుమతి చేసుకోనివ్వవు.

తర్వాత వచ్చిన ఎలీజ్ ఎస్ గురించి కూడా వాడు అడిగాడు. 2012లో వచ్చిన ఆ కారులో ఇంజిన్ వేరు, సూపర్‌చార్జర్ ఉంది, టార్క్ 250 న్యూటన్ మీటర్లు, బరువు 924 కిలోలు. రోజూ నడపడానికి అన్నిటికన్నా సుఖమైనది అదే. కానీ ఆ రెండో క్యామ్ అందులో లేదు. ఎలీజ్ కొంటూ దాన్ని వదులుకోమని నేను ఎవరికీ చెప్పలేను.

నాలుగు రోజుల తర్వాత మళ్లీ ఫోన్ చేశాడు. "ఏడాదికి ఎన్నిసార్లు ట్రాక్‌కు వెళ్తావు?" అని అడిగాను. కాస్త ఆలోచించి, "నిజం చెప్పాలంటే ఒక్కసారి వెళ్తే గొప్ప అన్నా. మిగతాదంతా డెర్బీషైర్ కొండరోడ్లే," అన్నాడు. అయితే ఎస్‌సీ తీసుకో అన్నాను.

శనివారం చూడటానికి వెళ్తున్నాడు. అమ్మేవాళ్లు ముందే ఇంజిన్ వేడి చేసి పెడితే ఒప్పుకోవద్దని, చల్లగా ఉన్నప్పుడు తానే స్టార్ట్ చేసి శబ్దం వినాలని చెప్పాను. పావుగంట నెమ్మదిగా తిప్పి, ఆయిల్ బాగా వేడెక్కాక, ఖాళీ రోడ్డు చూసి రెండో గేర్‌లో 6200 దాటించాలి. ఎస్‌సీలో ఆ మార్పు మెత్తగా వస్తుంది గానీ వచ్చి తీరాలి. 6200 దాటినా గొంతు మారకుండా ఇంజిన్ అలాగే ఈడుస్తూ పోతుంటే లోపల ఏదో తేడా ఉన్నట్టే. ఈ రకం ఇంజిన్ల తొలి ఏళ్లలో పెద్ద బొడిపెలకు నూనె అందించే బోల్టులు విరిగేవి. అలా అనిపిస్తే బేరం ఆడకుండా, తాళాలు చేతికిచ్చి వెనక్కి వచ్చేయమన్నాను.