టెక్సస్ అఫెన్స్‌ని దేనితో కొలవాలి: యార్డులా, ఈపీఏనా, సక్సెస్ రేటా?

2025 ఆగస్టు 30న కొలంబస్‌లో జరిగిన అమెరికన్ కాలేజ్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో టెక్సస్ యూనివర్సిటీ (యూటీ) జట్టు లాంగ్‌హార్న్స్ అఫెన్స్, అంటే బంతి చేతిలో ఉన్నప్పుడు ఆడే దళం, 336 యార్డులు సాధించింది. ఒహాయో స్టేట్‌కి వచ్చినవి 203. మ్యాచ్ మాత్రం 14-7తో ఒహాయో స్టేట్ గెలిచింది. "అన్నేసి యార్డులు వచ్చి కూడా ఓడిపోయారంటే ఇక ఏ అంకెను నమ్మాలి?" అని ఆ రోజు నుంచి ఆస్టిన్, డాలస్‌లలో ఉన్న మన తెలుగువాళ్ళు నన్ను అడుగుతూనే ఉన్నారు. పిల్లలు యూటీలో చదువుతున్నవాళ్ళైతే మరీ. సీజన్ మొదలయ్యే ముందు ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్) ర్యాంకుల్లో టెక్సస్ మొదటి స్థానంలో నిలవడం ఆ జట్టు చరిత్రలో అదే తొలిసారి. క్వార్టర్‌బ్యాక్ (పాసులు వేసే ఆటగాడు) ఆర్చ్ మ్యానింగ్ పేరున్న క్వార్టర్‌బ్యాక్‌ల కుటుంబంవాడు, ఆ ఇంటిపేరు వల్ల ఆశలు ఇంకా పెరిగాయి. అందుకే మొదటి వారాల్లో అఫెన్స్ తడబడితే అందరికీ అంత టెన్షన్.

ఎక్కువమంది చూసేది మ్యాచ్‌కి ఎన్ని పాయింట్లు అన్నదే. మొదటి నాలుగు మ్యాచ్‌లలో టెక్సస్ చేసినవి వరసగా 7, 38, 27, 55. సగటు తీస్తే దాదాపు 32 వస్తుంది, చూడటానికి బాగానే ఉంటుంది. కానీ ఆ 55 శామ్ హ్యూస్టన్ మీద, 38 శాన్ హోసే స్టేట్ మీద వచ్చాయి. ఒహాయో స్టేట్ డిఫెన్స్‌నీ వాటినీ ఒకే గాటన కట్టి సగటు తీస్తే మనకు తెలిసేదేమీ లేదు.

గెలుపోటములు ఇంకా మోసం చేస్తాయి. అక్టోబరు 18న లెక్సింగ్టన్‌లో కెంటకీ మీద టెక్సస్‌కు వచ్చినవి 179 యార్డులే. మ్యానింగ్ 27 పాసుల్లో 12 మాత్రమే అందాయి. అయినా ఓవర్‌టైమ్‌లో కెంటకీని డిఫెన్స్ గోల్ లైన్ దగ్గర ఆపేసింది, ఆ తర్వాత ఫీల్డ్ గోల్‌తో (బంతిని స్తంభాల మధ్యకు తన్ని తెచ్చే మూడు పాయింట్లతో) 16-13తో గెలిచారు. ఆ రాత్రి అఫెన్స్ బాగా ఆడిందని ఎవరూ అనలేరు. డిఫెన్స్ గెలిపించిన మ్యాచ్‌ను అఫెన్స్ ఖాతాలో వేయకూడదు.

ఇంకో కొలత, పాస్‌కి సగటున ఎన్ని యార్డులు. నాకు ఇది పాయింట్ల కంటే చాలా నయం అనిపిస్తుంది. నాలుగు మ్యాచ్‌లు కలిపితే మ్యానింగ్ 106 పాసులు వేసి 888 యార్డులు సాధించాడు, అంటే పాస్‌కి 8.4. పర్వాలేదనిపించే అంకె. కానీ మ్యాచ్‌ల వారీగా విడదీస్తే ఒహాయో స్టేట్ మీద 5.7, శాన్ హోసే స్టేట్ మీద 9.8, యూటెప్ (ఎల్ పాసోలోని టెక్సస్ యూనివర్సిటీ) మీద 4.6, శామ్ హ్యూస్టన్ మీద 14.7. నాకు భయం వేసింది ఆ 4.6 దగ్గరే. కొలంబస్‌లో తడబడటం అర్థం చేసుకోవచ్చు, అక్కడ తడబడని జట్టు అరుదు. సొంత మైదానంలో యూటెప్ మీద 25 పాసులు వేసి 11 మాత్రమే అందించడం, అందులో వరసగా పది పాసులు వృథా కావడం, అసలు జబ్బు అది. 27-10తో గెలిచారు కాబట్టి చాలామంది దాన్ని మర్చిపోయారు.

ఈ కొలతలో ఒక పెద్ద లోపం ఉంది. కాలేజ్ ఫుట్‌బాల్ లెక్కల్లో శాక్ (పాస్ వేయకముందే క్వార్టర్‌బ్యాక్‌ను వెనకే పడగొట్టడం) వల్ల పోయిన యార్డులను పరుగుల ఖాతాలో కోస్తారు, పాసింగ్ ఖాతాలో కాదు. అక్టోబరు 4న గెయిన్స్‌విల్‌లో ఫ్లోరిడా మీద మ్యానింగ్ 29 పాసుల్లో 263 యార్డులు సాధించాడు. పాస్‌కి 9 యార్డుల పైనే. అది మాత్రమే చూస్తే అద్భుతంగా ఆడాడనుకుంటారు. కానీ అదే మ్యాచ్‌లో అతన్ని ఆరుసార్లు శాక్ చేశారు, రెండు ఇంటర్‌సెప్షన్లు పడ్డాయి (పాసులు ప్రత్యర్థి చేతికి చిక్కాయి), 29-21తో ఓడిపోయారు. పాస్ వేయబోయి వేయలేకపోయిన ఆ ఆరు ప్లేలు సగటులో ఎక్కడా కనిపించవు.

మొత్తం యార్డుల సంగతి మొదటి మ్యాచే చెప్పేసింది. పది యార్డులు దాటడానికి జట్టుకు నాలుగు ప్రయత్నాలు (డౌన్లు) ఉంటాయి, దాటితే మళ్ళీ మొదటి నుంచి. థర్డ్ అండ్ 15లో, అంటే మూడో ప్రయత్నంలో ఇంకా 15 యార్డులు కావాల్సినప్పుడు, 11 యార్డుల పాస్ అందుకుంటే ఖాతాలో 11 చేరతాయి, తర్వాతి ప్లే మాత్రం పంట్, అంటే బంతిని తన్ని ప్రత్యర్థికి అప్పగించడమే. థర్డ్ డౌన్ శాతం (మూడో ప్రయత్నంలో కావాల్సిన యార్డులు ఎన్నిసార్లు వచ్చాయో) గురించి టీవీలో ఎక్కువ మాట్లాడతారు గానీ, మ్యాచ్‌కి పదమూడో పద్నాలుగో వచ్చే ప్లేల మీద ఒక జట్టు సత్తాను తేల్చడం నాకు ఇష్టం లేదు. థర్డ్ అండ్ 2 రావాలా, థర్డ్ అండ్ 9 రావాలా అన్నది ముందు రెండు డౌన్లలోనే తేలిపోతుంది.

ఇక గట్టి పోటీ ఈపీఏ, సక్సెస్ రేట్‌ల మధ్యే.

ఈపీఏ (ఎక్స్‌పెక్టెడ్ పాయింట్స్ యాడెడ్) అంటే ప్రతి ప్లేకి ముందు ఆ స్థితిలో ఎన్ని పాయింట్లు ఆశించవచ్చో, ఆ ప్లే అయ్యాక ఎన్ని ఆశించవచ్చో చూసి, తేడాను ఆ ప్లే ఖాతాలో వేయడం. ఆలోచన కొత్తదేమీ కాదు. 1971లోనే వర్జిల్ కార్టర్ ఇలాంటి లెక్క మీద పరిశోధన పత్రం ప్రచురించాడు. అప్పుడతను సిన్సినాటి బెంగాల్స్‌కి క్వార్టర్‌బ్యాక్‌గా ఆడుతున్నాడు. ఆటగాడే కూర్చుని ఈ లెక్క వేశాడంటే నాకు ఇప్పటికీ ఎంతో గౌరవం.

కొలంబస్ ఓటమిని వివరించాలంటే ఈపీఏని మించినది లేదు. ఆ రోజు టెక్సస్ ఫోర్త్ డౌన్‌లో ఐదుసార్లు ప్రయత్నించి ఒక్కసారే సాధించింది. మూడో క్వార్టర్‌లో ఒక్క యార్డ్ దూరంలో, ఫోర్త్ అండ్ గోల్‌లో (చివరి ప్రయత్నం, ముందున్నది గోల్ లైనే) మ్యానింగ్ స్వయంగా ముందుకు దూకి ఆగిపోయాడు. ఆ ఒక్క ప్లేతో చేతికి అందబోయిన పాయింట్లు పోయాయి. ఈపీఏ ఆ నష్టాన్ని పూర్తిగా చూపిస్తుంది. సక్సెస్ రేట్‌కి మాత్రం అదీ ఒక విఫలమైన ప్లేనే, మొదటి క్వార్టర్‌లో మైదానం మధ్యలో ఆగిపోయిన ఫస్ట్ డౌన్ పరుగు లాంటిదే. ఈ విషయంలో ఈపీఏదే పైచేయి, ఒప్పుకుంటాను.

అయినా సీజన్ మొదట్లో నేను సక్సెస్ రేట్‌నే ముందు చూస్తాను.

సక్సెస్ రేట్‌లో ఫస్ట్ డౌన్‌లో కావాల్సిన యార్డుల్లో సగం, సెకండ్ డౌన్‌లో 70 శాతం, థర్డ్, ఫోర్త్ డౌన్లలో మొత్తం వస్తే ఆ ప్లే సఫలం. లేకపోతే విఫలం. ఈ హద్దులను కొందరు కాస్త అటూ ఇటూ మారుస్తారు, దానివల్ల పెద్ద తేడా రాదు. క్రికెట్ చూసేవాళ్ళకు ఇలా చెబుతాను: టీ20లో ఒక జట్టు 170 చేసిందంటే నాకు పెద్దగా తెలిసిందేమీ లేదు. ఎన్ని డాట్ బాల్స్ ఆడిందో చెప్పండి, తర్వాతి మ్యాచ్‌లో ఎలా ఆడుతుందో కొంత ఊహించగలను. చివరి ఓవర్లో పడిన మూడు సిక్సర్లు వచ్చే వారం మళ్ళీ పడతాయని నమ్మకం లేదు. డాట్ బాల్స్ ఆడే అలవాటు మాత్రం అంత త్వరగా పోదు.

నాలుగు మ్యాచ్‌లు అంటే చాలా చిన్న లెక్క. ఒక మ్యాచ్‌లో ఒక జట్టుకు డజను డ్రైవ్‌లు (బంతి చేతికొచ్చాక సాగే దాడులు) రావడం కష్టం, అంటే పాయింట్లు తేలేది ఆ డజను సందర్భాల్లోనే. ప్లేలు మాత్రం అరవై, డెబ్భై ఉంటాయి. ఈపీఏలో ఒక 70 యార్డుల టచ్‌డౌన్ (బంతిని గోల్ లైన్ దాటించడం), ఒక ఇంటర్‌సెప్షన్ చాలు, మ్యాచ్ మొత్తం అంకె తలకిందులవుతుంది. సక్సెస్ రేట్‌లో ఏ ఒక్క ప్లేకీ అంత బరువు లేదు. అందుకే తక్కువ మ్యాచ్‌లు చూసినప్పుడు అది నిలకడగా ఉంటుంది.

నన్ను అడిగేవాళ్ళు నిజానికి రెండు ప్రశ్నలు కలిపేస్తున్నారు. "ఆ మ్యాచ్ ఎందుకు ఓడారు?" అంటే ఈపీఏ చూడండి. "ఈ అఫెన్స్ వచ్చే నెలలో ఏం చేస్తుంది?" అంటే సక్సెస్ రేట్. సెప్టెంబరులో అందరి మనసులో ఉండేది రెండో ప్రశ్నే.

పైగా దీనికి ఏ మోడలూ అక్కర్లేదు. నేను నోట్‌బుక్‌లో రెండు గళ్ళు గీసుకుని టీవీ ముందు కూర్చుంటాను. పరుగులు ఒక గడిలో, పాసులు ఇంకో గడిలో. ప్రతి ప్లేకి ఒక టిక్కో, ఒక ఇంటూనో. నాలుగో క్వార్టర్ వచ్చేసరికి ఏ గడిలో ఇంటూలు నిండాయో కళ్ళకు కనిపిస్తుంది, లోపం పరుగుల్లోనా పాసుల్లోనా అన్నది తెలిసిపోతుంది. టెక్సస్ కోచ్ స్టీవ్ సార్కీసియన్ తర్వాతి డ్రైవ్‌లో ఏ ప్లే పిలుస్తాడో కూడా కొంత ఊహించవచ్చు.

రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. ఆధిక్యం బాగా పెరిగి రిజర్వ్ ఆటగాళ్ళు దిగాక లెక్క ఆపేయాలి, లేకపోతే 55-0 లాంటి మ్యాచ్ అంకెను పాడు చేస్తుంది. ప్రత్యర్థి ఎవరో పక్కన రాసుకోవాలి. ఎవరి మీద వచ్చిన 45 శాతమో తెలియకపోతే ఆ అంకెకు విలువ లేదు.

టైమ్ ఆఫ్ పొజెషన్ (బంతి ఎంతసేపు చేతిలో ఉందో) నేను చూడను. రెడ్ జోన్ శాతం (గోల్ లైన్‌కు ముందు చివరి 20 యార్డుల్లోకి వెళ్ళాక పాయింట్లు ఎన్నిసార్లు వచ్చాయో) నవంబరు వచ్చాక చూడవచ్చు, అంతకు ముందు దానిలో పడే ప్లేలే తక్కువ.

శాక్ పడిన ప్లేని మాత్రం వదిలేయకండి, పాసుల గడిలోనే ఇంటూ వేయండి. గెయిన్స్‌విల్ మ్యాచ్‌ని అలా లెక్కిస్తే మ్యానింగ్ పాస్‌కి దిగిన ప్లేలు 29 కాదు, కనీసం 35.