‘సౌజన్యం: ఇంటర్నెట్’ మీద పడిన ఎర్రగీత

చెన్నై నుంచి మేము నడిపే తెలుగు మాసపత్రికలో, యుద్ధాల్లో పౌరులపై జరిగిన దాడుల ఛాయాచిత్రాల గురించి ఒక దీర్ఘవ్యాసం వేయదలచి, ఆ బొమ్మలను ఎంతవరకు వాడుకోవచ్చో తేల్చుకోవడానికి మైలాపూర్‌లో కాపీరైట్ సలహాలిచ్చే ఒక చిన్న కార్యాలయానికి వెళ్లాము. చివర ఒక ఫిర్యాదు ఉన్నందువల్ల దాని పేరు రాయడం లేదు.

ప్రూఫు చేతికి అందగానే అక్కడి న్యాయవాది మొదట చేసిన పని, బొమ్మ కింద మేము వేసిన ‘సౌజన్యం: ఇంటర్నెట్’ అన్న మాటను ఎర్ర పెన్సిలుతో కొట్టివేయడం. ఏళ్ల తరబడి అదే మాట అచ్చువేస్తున్న నాకు కాసేపు తల ఎత్తబుద్ధి కాలేదు.

అనుమతి లేని వాడకం న్యాయమైనదా కాదా అని తేల్చడానికి అమెరికా కాపీరైట్ చట్టంలోని 107వ సెక్షన్ చెప్పే నాలుగు అంశాలే ఇక్కడా చెల్లుతాయనుకుని వెళ్లిన మాకు, మన 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ ‘ఫెయిర్ డీలింగ్’ను, అంటే అనుమతి లేకుండానే న్యాయంగా వాడుకునే వీలును, పరిశోధనతో సహా సొంత వాడకం, విమర్శ లేదా సమీక్ష, వర్తమాన విషయాల వార్తాకథనం అనే ప్రయోజనాలకే ఇస్తుందని, ఎంత వాడారు, హక్కుదారు రాబడికి ఎంత దెబ్బ తగిలింది అన్న ప్రశ్నలు ఆ గడప దాటాకే వస్తాయని ఆమె ఓపికగా వివరించారు.

2022 మార్చి 9న ఉక్రెయిన్‌లోని మరియుపోల్ ప్రసూతి ఆసుపత్రిపై దాడి జరిగాక, గాయపడిన గర్భిణిని స్ట్రెచర్ మీద మోసుకెళ్తున్న దృశ్యాన్ని అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థకు చెందిన ఎవ్‌గెనీ మలొలెత్కా తీశారు. ఆమె, బిడ్డ ఇద్దరూ బతకలేదు. పొత్తికడుపు మీద ఆనించిన ఆ చెయ్యి గురించి మా వ్యాసంలో ఒక పేరా అంతా ఉంది కాబట్టి, ఆ పేరా పక్కన చిన్నదిగా, ఫోటోగ్రాఫర్ పేరుతో వేసుకుంటే విమర్శ కింద సమర్థించుకోవచ్చని, ముఖచిత్రంగా వేయాలంటే మాత్రం లైసెన్సు కొనవలసిందేనని చెప్పారు. 1972 జూన్ 8న వియత్నాంలోని త్రాంగ్ బాంగ్‌లో నాపామ్ బాంబు మంటల నుంచి పరుగెత్తిన బాలిక చిత్రం పాతది కదా అన్న మా వాదన నిలవలేదు. పాతదైనంత మాత్రాన హక్కు పోదు, పైగా అది వర్తమాన వార్త కూడా కాదు. దాని కింద వేసే పేరు విషయంలోనూ హెచ్చరించారు: 2025 మేలో వరల్డ్ ప్రెస్ ఫోటో సంస్థ, ఆ చిత్రం తీసినట్టుగా అప్పటిదాకా పేరున్న నిక్ ఉట్ కర్తృత్వాన్ని నిలిపివేయగా, అసోసియేటెడ్ ప్రెస్ ఆయన పేరునే కొనసాగించింది. ఇచ్చిన రుసుముకు ఈ ఒక్క సూచన చాలు.

ఇక ఫిర్యాదు. బొమ్మను చర్చిస్తున్నామా, ఊరికే పేజీ నింపుకుంటున్నామా అన్నది చుట్టూ ఉన్న తెలుగు వాక్యాలను బట్టి తేలవలసిన విషయం, అక్కడ తెలుగు చదివేవారు ఒక్కరూ లేరు. నేను రాసిచ్చిన ఇంగ్లీషు సారాంశం మీదే అభిప్రాయం ఇచ్చారు, దానికీ రెండు వారాలు పట్టింది. అచ్చుకు పంపే ముందు చూసుకుంటే, త్రాంగ్ బాంగ్ పేరాలో యుద్ధచరిత్రే తప్ప ఆ చిత్రం గురించి ఒక్క వాక్యమూ లేదు. ఉన్నట్టు సారాంశంలో రాసింది నేనే. ఆ బొమ్మ తీసేశాము. తరువాతి సంచికకూ వారి దగ్గరికే వెళ్తున్నాము, అయితే ఈసారి వ్యాసాన్ని పక్కన కూర్చుని చదివి అర్థం చెప్పడానికి ఒక గంట సమయాన్ని ముందుగానే అడిగి పెట్టుకున్నాము.